టర్బో కార్లలో స్పార్క్ ప్లగ్గుల ఎంపిక

టర్బోఛార్జర్ గల పెట్రోలు ఇంజనులో ఇంధన మిశ్రమాన్ని విద్యుత్ రవ్వతో మండించే సాధనం స్పార్క్ ప్లగ్గు. డీజిల్ ఇంజనులో సంపీడనం వలన పుట్టిన వేడికే ఇంధనం మండుతుంది కనుక దానికి ఈ ప్లగ్గు ఉండదు.

ఉష్ణ శ్రేణి

ప్లగ్గు తన వేడిని సిలిండర్ హెడ్‌కు పంపే సామర్థ్యాన్ని ఉష్ణ శ్రేణి అంటారు. కొన ఉష్ణోగ్రత సుమారు 500 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే మసి పేరుకుంటుంది. 850 డిగ్రీలు మించితే రవ్వ రాకముందే మిశ్రమం మండి పిస్టన్ దెబ్బతినవచ్చు. టర్బో ఇంజనులో వేడి అధికం కావున వేడిని త్వరగా పంపే "చల్లని" ప్లగ్గులు వాడతారు. ఎన్‌జీకే ప్లగ్గులలో సంఖ్య పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్‌లో ఇందుకు విరుద్ధం.

ఎడము, లోహము

సిలిండర్‌లో పీడనం పెరిగితే రవ్వ దూకడం కష్టమవుతుంది. అందువలన టర్బో ఇంజనులలో ఎలక్ట్రోడుల మధ్య ఎడము తక్కువగా, తరచుగా 0.6 నుండి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. నికెల్ 1,455, ప్లాటినం 1,768, ఇరీడియం 2,446 డిగ్రీల వద్ద కరుగుతాయి. కనుక ఇరీడియం కొన ఎక్కువ కాలం మన్నుతుంది.

ప్రయాణ పరిస్థితులు

భద్రాచలం నుండి చింతూరు మీదుగా మారేడుమిల్లికి వెళ్ళే ఘాట్ రోడ్డులో ఇంజనుపై భారం ఎక్కువసేపు ఉంటుంది. అక్కడ వేడి ప్లగ్గు ప్రమాదకరం. ఖమ్మం పట్టణంలో కొద్ది దూరాలు మాత్రమే తిరిగే కారులో అతి చల్లని ప్లగ్గుకు మసి పడుతుంది. తయారీదారు సూచించిన ప్లగ్గు ఈ రెండు పరిస్థితులనూ దృష్టిలో ఉంచుకొని నిర్ణయించినది. టర్బో పీడనాన్ని పెంచినపుడే సాధారణంగా ఒక మెట్టు చల్లని ప్లగ్గు అవసరమవుతుంది.