పిల్లల సినిమాల్లో భయాలు, కన్నీళ్ళు: ఆస్ట్రేలియా కథ

క్రితం నెల ఇదే కార్యక్రమంలో బడి సెలవుల్లో పిల్లలతో కలిసి చూడదగ్గ సినిమాల గురించి చెప్పుకున్నాం. ఆ తరువాత ఒక తల్లిగారు ఫోన్ చేసి, కొంచెం కోపంగానే, ఒక మాట అడిగారు. "పిల్లల సినిమా అంటారు. తీరా వెళ్ళి కూర్చుంటే అందులో ఎవరో ఒకరు చచ్చిపోతారు. మా అమ్మాయి రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. పసిపిల్లలకు ఈ బాధ ఎందుకండీ?"

న్యాయమైన ప్రశ్నే. నేను సినిమా పండితుణ్ణి కాను. కంప్యూటర్ కన్సల్టింగ్ నా బతుకుతెరువు, పాత సినిమాల చరిత్ర చదువుకోవడం నా సరదా. అయితే ఆవిడ అడిగిన ప్రశ్నకు మనం ఉంటున్న ఈ ఆస్ట్రేలియాలోనే పెద్ద చరిత్ర ఉంది. ఈ రోజు దాన్ని కాస్త నెమరు వేసుకుందాం.

ముందు సినిమాల కంటే పాత సంగతి ఒకటి. 1864లో విక్టోరియాలో హోర్షమ్ ఊరికి పడమటి వైపు డఫ్ కుటుంబం పిల్లలు ముగ్గురు అడవిలో తప్పిపోయారు. వాళ్ళలో జేన్‌కు ఏడేళ్ళు. తమ్ముడు మరీ చిన్నవాడు. రాత్రిళ్ళు చలికి వాడు వణుకుతుంటే జేన్ తన గౌను విప్పి కప్పిందట. రోజుల తరబడి వెతికినా తెల్లవాళ్ళకు జాడ దొరకలేదు. చివరికి ఆదివాసులు అడుగుజాడలు పట్టుకొని వెళ్ళి తొమ్మిదో రోజున పిల్లల్ని ప్రాణాలతో కనిపెట్టారు. ఆ ఆదివాసుల్లో డిక్-ఎ-డిక్ అనే ఆయన 1868లో ఇంగ్లండ్ వెళ్ళి ఆడిన ఆదివాసీ క్రికెట్ జట్టులో ఆటగాడు కూడా. క్రికెట్ అభిమానులు గుర్తుంచుకోవలసిన పేరు.

ఆ కథను తరవాత విక్టోరియా బడి పుస్తకాల్లో పాఠంగా పెట్టారు. 1886లో ఫ్రెడరిక్ మెకబిన్ గీసిన "లాస్ట్" అనే చిత్రం మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. అడవిలో ఒంటరిగా నిలబడ్డ ఆడపిల్ల బొమ్మ అది. అంటే ఈ దేశంలో పిల్లలకు భయం కథలు చెప్పడం సినిమావాళ్ళు మొదలుపెట్టింది కాదు. అడవి నిజంగానే భయం, పిల్లలు నిజంగానే తప్పిపోయేవారు. అందుకని పెద్దలు ఆ భయాన్ని కథగా చేసి పిల్లల చేతిలో పెట్టారు.

సినిమాల దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టింది. 1948లో ఇక్కడి కామన్వెల్త్ సెన్సారు భయానక చిత్రాల దిగుమతిని మొత్తంగా నిషేధించింది. 1968 దాకా ఇరవై ఏళ్ళు ఆ నిషేధం నడిచింది. పిల్లల సంగతి అటుంచండి, పెద్దవాళ్ళకు కూడా ఆ బొమ్మలు లేవు! తరువాత ఆలోచన మారింది. 1971లో వయసును బట్టి కొత్త తరగతులు వచ్చాయి. 1984లో "పీజీ" వచ్చింది. పీజీ అంటే తల్లిదండ్రుల మార్గదర్శనం మంచిది అని అర్థం. మనం టికెట్ కొనేటప్పుడు ఆ రెండక్షరాలను పెద్దగా పట్టించుకోం గానీ, అందులో చాలా ఉంది. "మీ పిల్లవాడు ఏది తట్టుకోగలడో మాకు తెలియదు, మీకే తెలుసు" అని సర్కారు ఆ పనిని మన చేతుల్లో పెట్టేసింది.

ఈ మార్పు జరుగుతున్న రోజుల్లోనే ఆస్ట్రేలియాలో రెండు గొప్ప పిల్లల సినిమాలు వచ్చాయి.

మొదటిది 1976లో వచ్చిన "స్టార్మ్ బాయ్". 1972లో మన దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్ కార్పొరేషన్ దీన్ని తీసింది. కథ కోలిన్ థీల్‌ది, దర్శకుడు ఆన్రీ సాఫ్రాన్. అడిలైడ్‌కు ఆగ్నేయంగా ఉన్న కూరాంగ్ తీరం మీద తండ్రితో ఒంటరిగా బతికే ఒక పిల్లవాడు. వేటగాళ్ళ వల్ల తల్లి లేకుండా పోయిన మూడు పెలికన్ కూనల్ని తెచ్చి సాకుతాడు. పెలికన్ అంటే మన కొల్లేటి గూడబాతే. అందులో పెర్సివల్ అనేది వాణ్ణి వదలదు. తుఫానులో చిక్కిన పడవవాళ్ళకు తాడు మోసుకెళ్ళి ప్రాణాలు కాపాడుతుంది. చివరికి ఆ పెర్సివల్ వేటగాళ్ళ తుపాకికి బలైపోతుంది.

ఇక్కడ ఆగి, ఆ తరువాత సినిమా ఏం చేసిందో చూడాలి. చావును దాచలేదు. "నిద్రపోయింది", "ఎక్కడికో ఎగిరిపోయింది" అని బుకాయించలేదు. డేవిడ్ గుల్పిలిల్ వేసిన ఫింగర్‌బోన్ బిల్ అనే ఆదివాసీ స్నేహితుడు పిల్లవాడికి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు, పాతిపెట్టిన చోటు చూపిస్తాడు. ఆ తరువాత ఒక గూడు దగ్గరికి తీసుకెళ్ళి అప్పుడే పుట్టిన పెలికన్ పిల్లను చూపిస్తాడు. ఏడ్చే పిల్లవాడి పక్కన మాట్లాడే పెద్దవాడు ఒకడు ఉన్నాడు. ఈ సినిమా మొత్తానికి కీలకం అదే అని నా అభిప్రాయం.

రెండోది మరుసటి ఏడు, 1977లో, యోరమ్ గ్రాస్ తీసిన "డాట్ అండ్ ది కంగారూ". ఎథెల్ పెడ్లీ 1899లో రాసిన పుస్తకం దీనికి ఆధారం. నిజమైన అడవిని కెమెరాతో తీసి, దాని మీద కార్టూన్ బొమ్మల్ని ఆడించారు. అడవిలో తప్పిపోయిన డాట్ అనే చిన్నపిల్లను, తన కూనను పోగొట్టుకున్న ఒక తల్లి కంగారూ సంచిలో పెట్టుకొని ఇంటికి చేరుస్తుంది. మధ్యలో బన్యిప్ అనే భూతం పాట ఒకటి వస్తుంది. ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళున్న ఆస్ట్రేలియన్లను అడిగి చూడండి, ఆ పాట తలచుకొని ఇప్పటికీ భుజాలు కుదించుకుంటారు. చివర్లో డాట్ ఇల్లు చేరుతుంది, కానీ కంగారూ ఉండదు, అడవిలోకి వెళ్ళిపోతుంది. పిల్ల ఏడుస్తుంటే సినిమా అయిపోతుంది.

ఈ యోరమ్ గ్రాస్ ఎవరు? 1926లో పోలండ్‌లోని క్రాకో నగరంలో పుట్టిన యూదుడు. నాజీల కాలంలో చోటు మార్చి చోటు దాక్కుంటూ బతికి బయటపడ్డాడు. 1968లో ఆస్ట్రేలియా వలస వచ్చాడు, మనలాగే. భయం అంటే ఏమిటో బాల్యంలోనే ఎరిగిన మనిషి పిల్లల కోసం సినిమా తీస్తూ భయాన్ని తీసెయ్యలేదు. ఆ భయంలో తోడుగా ఒక కంగారూను ఇచ్చాడు.

ఇదంతా తెల్లవాళ్ళ వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. మన తెలుగులో మొదటి టాకీ ఏది? 1932లో వచ్చిన "భక్త ప్రహ్లాద". కన్నతండ్రే కొడుకును చంపించబోయే కథ! 1967లో మళ్ళీ రంగుల్లో తీసినప్పుడు హిరణ్యకశిపుడుగా ఎస్.వి. రంగారావు, ప్రహ్లాదుడుగా చిన్నారి రోజారమణి. ఏనుగులు, పాములు, విషం, చివరికి స్తంభం చీల్చుకు వచ్చే నరసింహుడు. మన తొలి రంగుల చిత్రం 1963 నాటి "లవకుశ". ఇద్దరు పిల్లల కళ్ళెదుట తల్లి భూమిలోకి వెళ్ళిపోతుంది. వీటికి బళ్ళు కట్టుకొని కుటుంబాలన్నీ వెళ్ళాయని మన పెద్దలు చెప్పగా విన్నాం. పిల్లలు జడుసుకుంటారని ఎవరూ ఇంట్లో వదిలేసి పోలేదు. ఎందుకంటే కథ ముందే తెలుసు. తెర మీద ఏనుగు వచ్చే ముందే అమ్మమ్మ చెవిలో చెప్పేది, "ఏం కాదులే, చూడు" అని.

మరి పరిశోధకులు ఏమన్నారు? రెండు వైపులా చెబుతాను. "స్టార్మ్ బాయ్" వచ్చిన 1976లోనే బ్రూనో బెట్టెల్‌హైమ్ అనే ఆయన అమెరికాలో ఒక పుస్తకం ప్రచురించాడు. రాక్షసులూ చావులూ ఉన్న జానపద కథలు పిల్లలకు తమ లోపలి భయాల్ని సర్దుకోవడానికి సాయపడతాయని ఆయన వాదం. వాదం బాగుంది గానీ ఆయన లెక్కలు తీసి చూపించలేదు.

లెక్కలు తీసినావిడ జోయాన్ కాంటర్. 1999లో ఆవిడా, క్రిస్టెన్ హారిసన్ కలిసి దాదాపు 150 మంది కాలేజీ విద్యార్థుల్ని అడిగితే, పదిమందిలో తొమ్మిదిమంది చిన్నప్పుడు ఏదో సినిమానో టీవీ కార్యక్రమమో చూసి చాలాకాలం భయపడ్డామన్నారు. నాలుగోవంతు మందిలో ఆ ఛాయ ఇంకా మిగిలే ఉంది. ఫోన్ చేసిన తల్లిగారి మాట తీసిపారేసేది కాదన్నమాట. కాంటర్ పరిశోధనల్లో మనకు పనికొచ్చే మరో సంగతి ఉంది. మరీ చిన్నపిల్లలు రూపాన్ని చూసి భయపడతారు. వాళ్ళకు "అది నిజం కాదమ్మా" అని వివరిస్తే ఉపయోగం తక్కువ, దగ్గరికి తీసుకోవడమే మందు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు మాటలతో చెప్పి ధైర్యం ఇవ్వవచ్చు.

2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో లెక్క వచ్చింది. 45 పిల్లల యానిమేషన్ సినిమాల్ని 90 పెద్దల సినిమాలతో పోల్చి చూశారు. పిల్లల వాటిలో మూడింట రెండు వంతుల సినిమాల్లో ముఖ్యమైన పాత్ర ఒకటి చనిపోతుంది. పెద్దల వాటిలో సగంలోనే. కాబట్టి చావు లేని సినిమాలే చూపిద్దామంటే మనకు మిగిలేవి కొన్నే.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మూడేళ్ళ క్రితం కాకినాడలో మా నాన్నగారు కాలం చేశారు. దొరికిన టికెట్టు ఒకటే, నేనొక్కణ్ణే వెళ్ళాను. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు. వాళ్ళ అమ్మ "తాతగారు పోయారు" అని చెప్పింది. మన భాషలో ఆ మాటకు అర్థం మనకు తెలుసు. ఇక్కడ పుట్టి ఇంట్లో వినే నాలుగు ముక్కల తెలుగుతో పెరిగేవాడికి పోవడం అంటే వెళ్ళడమే. "ఎక్కడికి పోయారు, ఎప్పుడొస్తారు?" అని చాలా నెలలు అడుగుతూనే ఉన్నాడు. వాడు శవాన్ని చూడలేదు, ఏడ్చే చుట్టాల్ని చూడలేదు, పదోరోజు భోజనాలు చూడలేదు. ఊళ్ళో పెరిగే పిల్లవాడికి ఏడెనిమిదేళ్ళకే తెలిసిపోయే సంగతి ఇక్కడి పిల్లలకు తెలిసే దారి లేదు.

తరువాతి ఏడాది ఇద్దరం కలిసి "స్టార్మ్ బాయ్" చూశాం. పెర్సివల్ చనిపోయినప్పుడు వాడు నా చొక్కా పట్టుకొని బాగా ఏడ్చాడు. ఫింగర్‌బోన్ ఆ చోటు చూపించగానే ఏడుపు ఆపి అడిగాడు: "తాతగారిని ఎక్కడ పెట్టారు?" అప్పుడు చెప్పాను. మనం పాతిపెట్టమనీ, దహనం చేస్తామనీ, అస్థికలు గోదావరిలో నేనే కలిపాననీ. "నువ్వు ఏడ్చావా?" అన్నాడు. ఏడ్చానని చెప్పాను. ఆ తరువాత "ఎప్పుడొస్తారు" అని మళ్ళీ అడగలేదు.

మా వృత్తిలో ఏ కొత్త ప్రోగ్రామునూ నేరుగా అసలు సిస్టమ్ మీద పెట్టం. ముందు టెస్టింగ్‌కు వేరే ఏర్పాటు ఉంటుంది. అక్కడ పాడైతే నష్టం లేదు, ఎక్కడ పాడైందో తెలుస్తుంది. మంచి పిల్లల సినిమా దుఃఖానికి అలాంటి చోటు. కానీ టెస్టింగ్ దగ్గర మనిషి ఉండాలి. పిల్లవాడికి సినిమా పెట్టి మనం వంటింట్లోకి పోతే అది టెస్టింగ్ కాదు.

ఈ తరం వాళ్ళు కూడా దీన్ని గుర్తించారు. బ్రిస్బేన్‌లో తయారయ్యే "బ్లూయీ" కార్టూన్ 2018లో మొదలైంది. అందులో ఒక ఎపిసోడ్‌లో గాయపడ్డ చిన్న చిలకను డాక్టరు దగ్గరికి తీసుకెళితే అది చనిపోతుంది. ఇంటికొచ్చాక బ్లూయీ జరిగినదంతా ఆటగా ఆడుతుంది. అలాగే 2019లో "స్టార్మ్ బాయ్"ని మళ్ళీ తీశారు. ఈసారి ఆ పిల్లవాడు ముసలివాడై, తన కథను మనవరాలికి చెబుతున్నట్టు మలిచారు. చూడండి, పెద్దవాడు పిల్ల పక్కన కూర్చున్నాడు!

అలాగని పిల్లల్ని ఏడిపించేదల్లా మంచిదని నేను అనడం లేదు. మనవాళ్ళు కొత్త తెలుగు సినిమా విడుదలైతే రాత్రి ఆటకు మూడేళ్ళ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొని వెళ్ళడం చూస్తూనే ఉన్నాం. తలలు తెగిపడే ఆ చప్పుళ్ళలో పిల్లలకు నేర్చుకునేది ఏమీ లేదు. "ఎం.ఏ. 15 ప్లస్" సినిమాకు పదిహేనేళ్ళలోపు వాళ్ళను పెద్దవాళ్ళతో రానిస్తారన్నంత మాత్రాన తీసుకెళ్ళాలని కాదు. దుఃఖం వేరు, జడుపు వేరు. దుఃఖం పిల్లవాడి నోట ప్రశ్న పుట్టిస్తుంది. జడుపు నోరు మూయిస్తుంది.

కాబట్టి ఆ తల్లిగారికి నా జవాబు ఇది. పిల్లలకు ఆ కన్నీళ్ళు మేలే చేస్తాయి, మూడు షరతుల మీద. వయసుకు తగినదై ఉండాలి. సినిమాలోనే పిల్లవాడికి ఓదార్చే మనిషో జంతువో ఉండాలి. సినిమా బయట మీరు పక్కన ఉండాలి. వెళ్ళే ముందు మన అడిలైడ్‌లోనే ఉన్న ఆస్ట్రేలియన్ కౌన్సిల్ ఆన్ చిల్డ్రన్ అండ్ ద మీడియా వారి సమీక్షలు చూడండి. ఏ వయసువారిని ఏ సన్నివేశం భయపెట్టవచ్చో విడివిడిగా రాస్తారు. కథ ముందే చెప్పేయండి, మన అమ్మమ్మల పద్ధతి అదే.

మీ అమ్మాయి ఈ రాత్రి ఆ సినిమా గురించి ఏదైనా అడిగితే, మాట మార్చకుండా కూర్చొని జవాబు చెప్పండి. వచ్చే ఆదివారం మళ్ళీ కలుసుకుందాం. సెలవు.