జనతా వాచీ - ఒక పాఠపరిష్కరణ ప్రయత్నం

గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నని బెజ్జమున్న రాగిగిన్నెను నీటితొట్టిలో వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలమది. అరవై గడియలు ఒక దినం. ఆ లెక్క ఇప్పుడు పంచాంగంలో తప్ప ఎక్కడా మిగలలేదు. మాట మాత్రం గడియారంలో నిలిచిపోయింది. అయితే మణికట్టుకు కట్టుకునేదాన్ని మాత్రం మనవాళ్ళెవరూ చేతిగడియారమనరు. అది పుస్తకభాష. వాడుకలో అది వాచీయే.

పదవీ విరమణ తరువాత నాకు పట్టుకున్న వ్యసనం ఈ పాతవాచీల సేకరణ. తెలుగు పండితుడికి వాచీలేమిటని మిత్రులు నవ్వుతారు. తాళపత్రాలకూ వాచీలకూ పెద్ద భేదం లేదని వారికి మనవి చేసుకుంటున్నాను. అదెలాగో ముందు ముందు తెలుస్తుంది.

స్విస్ వాచీల వైభవాన్ని గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. మన దేశంతో ముడిపడిన రివర్సో కథ ఒక్కటి చెప్పి ముందుకు సాగుతాను. ఆంగ్లేయ సైనికాధికారులు ఇక్కడ పోలో ఆడుతూ వాచీ అద్దాలు పగలగొట్టుకునేవారు. ఆ ఫిర్యాదు ఒక స్విస్ వ్యాపారి చెవిన పడింది. డయలును వెనక్కి తిప్పి దాచుకోగల ఆ వాచీ 1931లో పుట్టింది. అది దొరల వాచీ. నాకు కావలసింది గుమాస్తాల వాచీ, బడిపంతుళ్ళ వాచీ.

1953లో బెంగళూరులో యంత్రపరికరాల కోసం స్థాపితమైన హెచ్.ఎం.టి., జపాను సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో వాచీల కర్మాగారం పెట్టింది. తొలి వాచీలు ప్రధాని నెహ్రూ చేతులమీదుగా విడుదలయ్యాయి. జనత, పైలట్, కోహినూర్, కాంచన్, సోనా - ఆ పేర్లు చదువుతుంటేనే నా ఈడువారికి ఎవరి పెళ్ళో ఒకటి గుర్తుకొస్తుంది. సైకిలు, రేడియో, వాచీ - అల్లుడి అలక తీర్చే సామగ్రి ఆ రోజుల్లో అదే. విదేశీ వాచీ మీద సుంకం భారం, దొంగరవాణా సరుకు మీద భయం. ఇక స్వదేశీ వాచీ కావాలంటే పలుకుబడో ఓపికో ఉండాలి. మా నాన్నగారికి మొదటిది లేదు గనుక రెండవదాన్ని నమ్ముకున్నారు. 1971లో ఆయన చేతికి జనతా వాచీ వచ్చింది.

దాని నిర్మాణం నిరాడంబరం. తారీఖు లేదు, వారం లేదు. రోజుకొకసారి కీ ఇవ్వాలి. లోపలి బ్యాలెన్సు చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటుంది. "పదిహేడు రాళ్ళ వాచీ" అని జనం గొప్పగా చెప్పుకునేవారు. అవి కృత్రిమంగా చేసిన కెంపులు. ఇరుసుల రాపిడి తగ్గించడానికి పెట్టినవి. వాటికి నగలషాపులో విలువ లేదు. ఈ సంగతి తెలియక, వాచీ బాగుకిస్తే కెంపులు కాజేస్తారని మా ఊళ్ళో ఒక పెద్దాయన బాగుచేసేవాడి ఎదురుగా కదలకుండా కూర్చునేవాడు.

1969 డిసెంబరులో జపాను సైకో సంస్థ తొలి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టింది. నేటి క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అయిదెక్కడ, ఆ సంఖ్య ఎక్కడ! 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి స్థాపించిన టైటాన్, మన తెలుగువారు దండిగా ఉన్న హోసూరులో క్వార్ట్జ్‌నే నమ్ముకుని నిలబడింది. హెచ్.ఎం.టి. కూడా క్వార్ట్జ్ వాచీలు చేసింది. కాని వాచీ కాలం చూపే పనిముట్టు మాత్రమే కాదు, అలంకారం కూడానని టైటాన్ ముందుగా గ్రహించింది. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు కేంద్రం ఆమోదించింది. అదే నిర్ణయంలో హైదరాబాదులోని హెచ్.ఎం.టి. బేరింగ్స్ కూడా పోయింది. వాచీల వార్త విని కన్నీరు పెట్టిన పత్రికలు ఆ రెండవదాన్ని ఒక వాక్యంతో సరిపెట్టాయి.

మూసివేత తరువాత మూలనపడ్డ వాచీలకు గిరాకీ పుట్టింది. దానితోపాటు ప్రక్షిప్తాలూ పుట్టాయి. మాసిన డయలును గీకి రంగు పూసి, మళ్ళీ పేరు అచ్చువేసి కొత్తదిగా అమ్ముతారు. సేకరించేవారు వీటిని "ముంబయి సరుకు" అంటారు. నల్లని డయలుతో వచ్చిన పైలట్, సంతలో ఎర్రగానూ పచ్చగానూ కనిపిస్తుంది. అక్షరాలు లావెక్కి ఉంటాయి, నిమిషాల గీతలు ముల్లు చివరకు అందవు. ఒకదాని ముళ్ళు మరొకదానికి, ఇంకొకదాని మూత వేరొకదానికి. లేఖకుడు తనకు అర్థంకాని పద్యాన్ని "సరిదిద్ది" వ్రాసినట్టే ఇదంతా. నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టుకుంటే గాని అసలు పాఠం తేలదు. నా బల్లమీద ఇప్పుడు ఏడు జనతాలున్నాయి. వాటిలో నేను నిస్సంశయంగా నమ్మేవి మూడు.

నమ్మనివాటిలో ఒకటి మా నాన్నగారిది.

1998లో, ఆయన పోయిన మరుసటి ఏడు, నేనే దాన్ని బాగుకిచ్చాను. డయలు పసుపుబారి, ఆరు అంకె దగ్గర చెమట మచ్చ పడి ఉండేది. "కొత్తదానిలా చేసిస్తాను మాస్టారూ" అన్నాడతను. సంతోషించి డబ్బు కూడా ఎక్కువిచ్చాను. తెల్లగా మెరిసే డయలుతో తిరిగివచ్చింది. పాతదేమైందని అడగాలని నాకప్పుడు తోచలేదు. బడిలో పిల్లలకు పాఠభేదాలు బోధిస్తున్న రోజులే అవి! అతని తప్పు లేదు, అడిగింది చేశాడు.

మొన్న మూత విప్పించి భూతద్దంతో చూశాను. మూత లోపలివైపు సూదిమొనతో గీసిన గుర్తులున్నాయి. వాచీ విప్పిన ప్రతిసారీ బాగుచేసేవారు తమ గుర్తును, తేదీని అలా గీసి పెట్టుకోవడం పాత అలవాటు. తాళపత్రం చివర లేఖకుడు తన పేరు వ్రాసుకున్నట్టు. నాన్నగారి వాచీలో మూడు గీతలున్నాయి. ఒకటి 1976, ఒకటి 1998. మధ్యది అరిగిపోయి 8 అన్న అంకె ఒక్కటే కనబడుతోంది. ఎనభయ్యో ఎనభైనాలుగో, ఏ ఊళ్ళో ఉండగానో. రేపు పగటి వెలుగులో మరొకసారి చూడాలి.