మూసలో విభక్తి: వి.పి. పార్సెల్‌ నుండి ఆత్రేయపురం సందేశం వరకు

దూరాన ఉన్న కొనుగోలుదారుకు ముందే సిద్ధం చేసిన వాక్యాన్ని పంపడం అంతర్జాల వ్యాపారంతో మొదలైనది కాదు. భారత తపాలా శాఖ 1877లో వి.పి. పద్ధతిని, 1879లో కార్డును ప్రవేశపెట్టింది. 1880లో మనియార్డరు వచ్చింది. వీటితోపాటే అచ్చు ఫారం, అందులోని ఖాళీలు జనజీవితంలోకి ప్రవేశించాయి. తంతి శుభాకాంక్షలలో ఈ పద్ధతి మరింత ముదిరింది. పంపేవారు అంకె మాత్రమే రాసేవారు. అందుకొనేవారికి పూర్తి వాక్యం చేరేది. ఆ సేవ 2013 జూలైలో నిలిచిపోయింది. మూస మాత్రం నిలిచే ఉంది.

కోనసీమలో దీనికి తగిన ఉదాహరణ కొత్తపేట నియోజకవర్గంలోని ఆత్రేయపురం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కడి పూతరేకులు నేడు అంతర్జాలంలోనూ అమ్ముడవుతున్నాయి. సరుకు అతి సున్నితం. ఎప్పుడు బయలుదేరింది, పగిలితే ఎవరికి చెప్పాలి అన్నవి కొనేవారికి స్పష్టంగా తెలియాలి. ఆ మాట అస్పష్టంగా ఉంటే నష్టపోయేది బోర్లించిన కుండ మీద రేకు తీసే చేతులే.

తెలుగు మూసకు ప్రధానమైన చిక్కు విభక్తి. ‘మీ పార్సెల్‌ ( )కు చేరింది’ అన్న వాక్యంలో కొత్తపేట, రాజోలు చక్కగా ఒదుగుతాయి. అమలాపురం వచ్చేసరికి ‘అమలాపురంకు’, రాజమండ్రి వచ్చేసరికి ‘రాజమండ్రికు’ అవుతుంది. మువర్ణాంతాలకు ‘ఆనికి’ అనే రూపం వస్తుంది. ఇకారం మీద ‘కు’ ‘కి’గా మారడం చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) నాటికే సూత్రబద్ధమైన విషయం. యంత్రానికి ఆ సూత్రాలు నేర్పనక్కరలేదు. మన పాత లేఖనసంప్రదాయమే దారి చూపింది. పేరు ఏదైనా విభక్తి ‘గారు’ మీద చేరి ‘గారికి’ అవుతుంది. ఊరు ఏదైనా ‘గ్రామం’ మీద చేరి ‘గ్రామానికి’ అవుతుంది. మారే పదం తాకకుండా నిలుస్తుంది, మారని పదం విభక్తిని మోస్తుంది. పైగా ‘గారు’ స్త్రీపురుషులిద్దరికీ చెల్లుతుంది. అర్జీలు, దస్తావేజులు రాసినవారు మూసల గురించి ఆలోచించి ఉండకపోవచ్చు. అయినా ఫలితం అదే.

అదే సంప్రదాయం నుండి వచ్చిన మరొక వారసత్వం మాత్రం మేలు చేయలేదు. పాత ప్రకటనలలోని ‘పంపబడును’ నేటి సందేశాలలో ‘డెలివరీ చేయబడింది’గా కొనసాగుతున్నది. కర్మణి ప్రయోగం పంపినవారిని దాచివేస్తుంది. ‘పంపాము’ అంటే బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్‌) నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి. అక్కడా ‘స్వీకరించబడింది’ అన్న మాటతో కొనుగోలుదారుకు ఒరిగేది తక్కువ.

మూసను ముందుగా నమోదు చేయించాలన్న నిబంధన 2018 నాటి ట్రాయ్‌ నియంత్రణలతో వచ్చింది. 2021 మార్చిలో దాన్ని కఠినంగా అమలు చేయబోతే ఓటీపీలు సైతం ఆగిపోయి, కొద్ది రోజులు సడలించవలసి వచ్చింది. నమోదైన తరువాత మాట మార్చాలంటే మళ్లీ నమోదు తప్పదు కనుక తప్పు విభక్తి కూడా స్థిరపడిపోతుంది.

పొదుపు మరొక సమస్య. ఆంగ్లంలో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పట్టగా, యూనికోడ్‌ తెలుగులో 70 సంకేతాలే పడతాయి. పొడవైన సందేశాన్ని ముక్కలు చేస్తే ముక్కకు 67. ‘ఆత్రేయపురానికి’ అన్న పదంలో కంటికి కనిపించేవి 7 అక్షరాలు, లెక్కకు వచ్చేవి 14. అందుకే చాలామంది విక్రేతలు ఆంగ్లాన్ని ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ‘( ) గారూ, మీరు అడిగిన పూతరేకుల డబ్బా ఈ ఉదయం బయలుదేరింది. చేరవలసిన ఊరు: ( ). పగిలి చేరితే ఈ నంబరుకు చెప్పండి: ( )’ అన్న సందేశం, పేరు మరీ పొడవుగా లేకపోతే, రెండు ముక్కలలోనే ఇముడుతుంది. ఇందులో అమలాపురం పడినా, రాజోలు పడినా, రాజమండ్రి పడినా వాక్యం చెడదు.