స్నేహితులను అడిగిన బిషప్: డోర్నకల్ అజరయ్య

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు హుకుంపేట, పాడేరు, అరకు వైపు మండలాలవారు. ఆదివారం ప్రార్థన ముగిశాక జ్వరంతో పడుకున్నవారి ఇంటికి నలుగురూ కలిసి వెళ్లి ధైర్యం చెప్పి రావడం మీరు చూసే ఉంటారు. దాన్ని మనం భక్తి అనుకుంటాం గాని చరిత్ర అనుకోం. అయితే ఈ ఆదరణ సమానుల మధ్య జరిగేదా, లేక పెద్దవాడు చిన్నవాడికి చేసే ఉపకారమా? ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఈ ప్రశ్న ప్రపంచ వేదిక మీదికే వచ్చింది. దాన్ని లేవనెత్తినవాడు తెలుగు నేలమీద పనిచేస్తున్న ఒక తమిళుడు.

ముందుగా నేపథ్యం గమనించండి. మీ కొండలకు ఉత్తరాన జయపురం జమీందారీలో 1882 నుంచి జర్మన్ లూథరన్ మిషనరీలు పనిచేశారు. ఇటు ఉత్తరాంధ్ర మైదానంలో కెనడా బాప్టిస్టులు ఉన్నారు. వాళ్లు బడులు, ఆసుపత్రులు పెట్టారు, భాషలు నేర్చుకున్నారు. వీటిని తక్కువ చేయలేం. కాని ఆనాటి మిషన్ వ్యవస్థలో సాధారణంగా దొర బంగళాలో ఉండేవాడు, దేశీయ బోధకుడు జీతగాడు. బంగళా వరండా దాటి లోపలికి వెళ్లి ఆయనతో కలిసి భోంచేసిన బోధకులు అరుదు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టాడు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరాడు. మరుసటి ఏడాది భారతదేశానికి వచ్చిన అమెరికన్ షెర్వుడ్ ఎడ్డీతో ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. ఎడ్డీ తమిళం నేర్చుకున్నాడు. ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగారు. ఒక తెల్లవాడు యజమానిగా కాక స్నేహితుడిగా ఉండగలడని అజరయ్య అనుభవంతోనే తెలుసుకున్నాడు. తరువాత ఆయన మాట్లాడిన ఘాటైన మాటలను ఈ స్నేహం పక్కన పెట్టి చదవకండి. ద్వేషంతో అన్నవి కావు అవి.

1902లో యాళ్పాణం వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే బోధకులను పంపుతుండటం చూశాడు. ఆ మరుసటి ఏడాదే, 1903లో, పాళయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఆ సొసైటీ ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతం. అజరయ్య 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరి, మొదట గుడారంలో కాపురం పెట్టాడు. తెలుగు ఆయనకు నేర్చుకోవలసిన భాష. తన దేశంలోనే విదేశీయుడు అయిన అనుభవం అన్నమాట.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులలో ఆసియావారు ఇరవై మందికి మించరు. అక్కడ అజరయ్య లేచి, మిషనరీల త్యాగాలను తన దేశ సంఘం కృతజ్ఞతతో తలచుకుంటుందని చెప్పాడు. పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను సైతం ఇచ్చారు, ఇక మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆయన ప్రసంగ సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. నిజానికి ఆయన కొత్త సిద్ధాంతమేమీ చెప్పలేదు. వాళ్లు రోజూ చదివే కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయాన్నే వాళ్లకు వినిపించాడు.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను బిషప్ చేయాలని పట్టుబట్టాడు. (తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు ఈయన అన్న.) తెల్ల మిషనరీలలోనే కాదు, భారతీయ క్రైస్తవులలోనూ వ్యతిరేకత వచ్చింది. అయినా 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అజరయ్య మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు.

ఇక్కడ మీరొక విషయం ఆలోచించాలి. స్నేహం అడిగినవాడికి స్నేహం ఇవ్వవలసిన వంతు వచ్చింది. డోర్నకల్ సంఘంలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఒకే క్రీస్తును నమ్మినా ఒకే పంక్తిలో కూర్చోవడం సులభం కాలేదు. అజరయ్య సంఘంలో కులాన్ని ఒప్పుకోలేదు. ఎద్దుబండి మీద పల్లెలు తిరిగి, గ్రామోపాధ్యాయులనూ వాళ్ల భార్యలనూ తయారుచేయడానికే ఎక్కువ శ్రమపడ్డాడు. ఒంటరిగా ఒక పల్లెలో ఉండే ఆ దంపతులే అక్కడి సంఘానికి ఆసరా. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఈ పనిలో సమాన భాగస్వామి. 1941 నాటికి ఆ డయోసిస్‌లో సుమారు 2,25,000 మంది ఉన్నారు. ఇలాంటి సామూహిక మతమార్పిడులను గాంధీజీ గట్టిగా వ్యతిరేకించారు, అజరయ్య అంగీకరించలేదు. నా దృష్టిలో ఈ వివాదంలో ఇద్దరి మాటలకంటే తక్కువగా వినిపించింది ఆ పల్లెల్లో మతం మారినవారి గొంతే. చరిత్రకారులు ఇంకా పూరించవలసిన ఖాళీ ఇది.

1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌ను వీలైతే చూసి రండి. గుమ్మటాలు మసీదును, స్తంభాల మండపం దేవాలయాన్ని గుర్తుకు తెస్తాయి. అజరయ్య 1945 జనవరి 1న మరణించాడు. ఆయన కోరిన సంఘాల ఐక్యత దక్షిణ ఇండియా సంఘం రూపంలో 1947 సెప్టెంబర్‌లో గాని రాలేదు.

అభ్యాసం: మీ ఊరి ప్రార్థన మందిరం ఎవరు, ఎప్పుడు కట్టారో డెబ్బై ఏళ్లు దాటిన ఇద్దరిని అడిగి రాయండి. మొదటి బోధకుడు ఎక్కడివాడు, ఏ భాషలో మాట్లాడేవాడు, ఎవరి ఇంట్లో భోంచేసేవాడు? మూడో ప్రశ్నకు జవాబును తప్పకుండా రాబట్టండి.