పాత పాటల కోసం వచ్చినవారు – నీల్ యంగ్ 2006 ఆల్బమ్, చీలిన అభిమానులు

2006 వసంతకాలంలో నీల్ యంగ్ ‘లివింగ్ విత్ వార్’ అనే ఆల్బమ్‌ను వెలువరించాడు. అప్పటికి అతడికి అరవై యేళ్లు. కెనడాలో, టొరాంటో నగరంలో పుట్టి, 1966లో అమెరికా చేరి, నలభై యేళ్లుగా అక్కడే ఉంటూ, అక్కడే పాడుతూ, పౌరసత్వం మాత్రం తీసుకోకుండా ఉండిపోయినవాడు. అంతకు ముందు సంవత్సరమే మెదడులోని రక్తనాళానికి వచ్చిన ప్రమాదకరమైన వాపు నుంచి బయటపడి, ‘ప్రెయిరీ విండ్’ అనే నెమ్మదైన, మెత్తని ఆల్బమ్‌ను ఇచ్చాడు. పాత అభిమానులు దాన్ని అక్కున చేర్చుకున్నారు. మనవాడు మళ్లీ మన దారికి వచ్చాడని సంతోషించారు. ఆ సంతోషం పట్టుమని ఏడాది కూడా నిలువలేదు.

ఇరాక్ యుద్ధం అప్పుడు నాలుగో సంవత్సరంలోకి అడుగుపెట్టింది. మరణించిన అమెరికన్ సైనికుల సంఖ్య 2,400 వరకు చేరింది. మరణించిన ఇరాకీయుల సంఖ్య విషయంలో ఏ రెండు లెక్కలకూ పొంతన ఉండేది కాదు. గాయపడిన సైనికులకు విమానంలోనే శస్త్రచికిత్స చేస్తున్న ఛాయాచిత్రం ఒకటి వార్తాపత్రికలో చూసి, తాను చలించిపోయాననీ, పాటలు అక్కడి నుంచే మొదలయ్యాయనీ యంగ్ తరువాత చెప్పుకున్నాడు. ఇరవై యేళ్ల కుర్రవాడెవడైనా ఈ పాటలు కడతాడేమోనని చాలాకాలం ఎదురుచూశాననీ, ఎవరూ రాకపోయేసరికి ఈ పని తన తరమే చేయాలి కాబోలుననుకున్నాననీ కూడా చెప్పాడు. మార్చి చివర మొదలుపెట్టి తొమ్మిది రోజుల్లో పాటలు కట్టడం, రికార్డు చేయడం కూడా పూర్తిచేశాడు. గిటారు, బాస్, డ్రమ్ములు, వాటికి తోడు ఒక ట్రంపెట్టు. ఆపైన నూరుమంది గాయకుల బృందాన్ని పిలిపించి ఒక్కరోజులో వారి గొంతులను చేర్చాడు. ఏప్రిల్ 28న ఆల్బమ్ మొత్తాన్ని అంతర్జాలంలో ఉచితంగా వినిపించాడు. మే నెలలో అది అంగళ్లకు వచ్చింది. రాగియుగపు శాసనంలా నిలిచిపోవాలని చేసినది కాదిది; మరునాటికి చినిగిపోయే గోడపత్రికలా, వేడి చల్లారకముందే జనం చేతికి అందాలని చేసినది.

ఆల్బమ్ బయటికి వచ్చీ రాకముందే మిగతా పాటలన్నిటినీ ఒకే ఒక్క పాట పేరు మింగివేసింది. అధ్యక్షుణ్ణి అభిశంసించాలని సూటిగా కోరే ‘లెట్స్ ఇంపీచ్ ది ప్రెసిడెంట్’ అది. సైనికుల అంత్యక్రియల్లో వాయించే బాకా స్వరంతో మొదలవుతుంది. మధ్యలో జార్జి బుష్ సొంత గొంతు వినిపిస్తుంది. ఒక సందర్భంలో అన్నమాట, మరొక సందర్భంలో దానికి విరుద్ధంగా అన్నమాట పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కదానికీ బృందం చేత కేక వేయించాడు యంగ్. 2004 ఎన్నికల్లో జాన్ కెర్రీని మాట మార్చేవాడని ఎద్దేవా చేసిన పక్షానికి, అదే ఎత్తిపొడుపును వడ్డీతో తిరిగి ఇవ్వడమన్నమాట. వినేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటేనే అందులోని చురుకు తెలుస్తుంది. గుర్తులేనివారికి అది వట్టి తిట్టుగానే వినిపిస్తుంది.

అభిమానులు చీలిపోయారు. ఆ చీలికను గురించి అప్పట్లో వ్రాసినవారిలో చాలామంది యుద్ధాన్ని వ్యతిరేకించేవారు ఒకవైపు, సమర్థించేవారు మరొకవైపు అని తేల్చివేశారు. నా దృష్టిలో అది సగం నిజమే. యుద్ధాన్ని వ్యతిరేకిస్తూనే ఈ పాటలు మాత్రం పేలవంగా ఉన్నాయన్నవారున్నారు. వారు ఎటూ కాకుండా పోయారు. పాటలోని బాణీ బాగాలేదంటే బుష్ పక్షమనీ, బాగుందంటే దేశద్రోహమనీ ముద్ర పడుతున్న రోజుల్లో బాణీని గురించి మాట్లాడే చోటు ఎక్కడ దొరుకుతుంది? మెచ్చుకున్నవారు సైతం పాటను మెచ్చుకోలేదు. అందులోని అభిప్రాయాన్ని మెచ్చుకున్నారు. ఇక ద్వేషించినవారి నోట ఎక్కువగా వినవచ్చిన ఆక్షేపణ పాటకు సంబంధించినదే కాదు. “ఇతడు కెనడావాడు, మా అధ్యక్షుణ్ణి అనడానికి ఇతడెవడు?” అన్నది దాని సారాంశం. నలభై యేళ్లపాటు అతడి పాటలు తమవేనని పాడుకున్నప్పుడు ఎవరికీ గుర్తురాని పుట్టుక ఇది.

ఆ వేసవిలో క్రాస్బీ, స్టిల్స్, నాష్‌లతో కలిసి యంగ్ దేశమంతా తిరిగాడు. ఆ కచేరీల పరంపరకు ‘ఫ్రీడమ్ ఆఫ్ స్పీచ్’ అని పేరు పెట్టారు. ఈ నలుగురి పేర్లూ కలిపి వినగానే ఆ తరం శ్రోతల మనస్సులో 1970 నాటి మధురమైన స్వరసమ్మేళనం మెదులుతుంది. ఖరీదైన టికెట్లు కొని వచ్చినవారు ఆశించినదీ అదే. మన పద్యనాటకాల రోజుల్లో ప్రేక్షకులు కథ ఎంతవరకు వచ్చిందన్న విచారణ లేకుండా, నచ్చిన పద్యానికి ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. చనిపోయిన పాత్ర లేచి మళ్లీ పద్యం అందుకున్న సందర్భాలను హాస్యంగా చెప్పుకుంటూ ఉంటాం. అమెరికా శ్రోతలు అడిగినది దాదాపు అటువంటిదే. యంగ్ అందుకు బదులుగా కొత్త ఆల్బమ్‌లోని పాటలను కార్యక్రమం నడుమ వరుసగా పేర్చిపెట్టాడు.

ఆగస్టులో అట్లాంటా నగరంలో జరిగినది చరిత్రకెక్కింది. అభిశంసన పాట మొదలుకాగానే సభలో ఒక భాగం లేచి చప్పట్లు కొట్టింది. మరొక భాగం ఈలలు, కేకలతో గేలిచేసింది. వందలమంది లేచి బయటికి నడిచారు. యంగ్ తన వెంట సినిమా కెమెరాలను తిప్పుకుంటున్నాడు కనుక ఆ నడక, ఆ ముఖాలు, ఆ సంజ్ఞలు అన్నీ చిత్రంలోకి ఎక్కాయి. బెర్నార్డ్ షేకీ అన్న మారుపేరుతో అతడే దర్శకత్వం వహించిన ‘సీ.ఎస్.ఎన్.వై. / దేజా వూ’ 2008లో వచ్చింది. తనను తిట్టేవారి మాటలను కత్తిరించకుండా తన చిత్రంలోనే ఉంచిన దర్శకుణ్ణి గౌరవించవలసిందే. పాత పాటలు వినడానికి వచ్చాం గాని ఉపన్యాసం వినడానికి కాదని వారు అంటారు. వారి కోపం నటన కాదు. తమ వస్తువేదో తమ ఎదుటనే ఎవరో పగులగొట్టినట్టుగా ఉంటుంది వారి ముఖాల్లో.

అయితే వారు వినడానికి వచ్చిన ఆ పాత పాటలేమిటి?

1970 మే 4న ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, కంబోడియాపై దాడిని నిరసిస్తున్న విద్యార్థులపై నేషనల్ గార్డు దళం 13 సెకన్లలో 67 తూటాలు పేల్చింది. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. పత్రికలో ఆ బొమ్మలు చూసి యంగ్ ‘ఒహాయో’ కట్టాడు. మే 21న ఇదే నలుగురూ కలిసి దాన్ని రికార్డు చేశారు. జూన్‌లో అది విడుదలైంది. అందులోనూ అధ్యక్షుడి పేరు ఉన్నది. అధికారంలో ఉన్న నిక్సన్ పేరు. అందువల్లనే కొన్ని రేడియో కేంద్రాలు దాన్ని ప్రసారం చేయడానికి నిరాకరించాయి. పత్రికలో బొమ్మ, వెనువెంటనే పాట, అధ్యక్షుడి పేరు, వారాలలో విడుదల: 2006లో జరిగినది 1970లో జరిగినదానికి అచ్చుగుద్దినట్టున్న ప్రతి. అట్లాంటాలో లేచిపోయినవారిలో ఎందరో ‘ఒహాయో’ను తమ యౌవనంతోపాటు దాచుకున్నవారే అయి ఉంటారు. ముప్పైఆరేళ్లలో ఆ పాటలోని తూటాల చప్పుడు అణగిపోయి స్వరసమ్మేళనం మాత్రం మిగిలింది. వారికి ‘ఒహాయో’ అంటే మరణవార్త కాదు, తమ ఇరవయ్యో యేడు.

ఇంతమాత్రాన అభిమానులను కృతఘ్నులని కొట్టివేయడం న్యాయం కాదు. యంగ్‌ను నమ్ముకొని ఒక దారిన నడవడం ఎవరి తరమూ కాలేదు. ‘సదరన్ మాన్’, ‘అలబామా’ పాటల్లో దక్షిణాది తెల్లవారిని మూకుమ్మడిగా దుయ్యబట్టాడు. 1974లో లినర్డ్ స్కినర్డ్ బృందం ‘స్వీట్ హోమ్ అలబామా’లో అతడి పేరు పెట్టి మరీ జవాబిచ్చింది. ‘అలబామా’ పాటలోని మాటలు నిందాపూర్వకంగా, పైనుంచి చూస్తున్నట్టుగా ఉన్నాయనీ, ఆ దెబ్బ తనకు తగినదేననీ 2012లో తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. 1980లలో రేగన్‌ను మెచ్చుకుని ఉదారవాద అభిమానులను నివ్వెరపరచాడు. 2001 సెప్టెంబరు 11న హైజాకర్లను ఎదిరించిన విమాన ప్రయాణికుల మీద ‘లెట్స్ రోల్’ కట్టాడు. భద్రత కోసం కొన్ని స్వేచ్ఛలను కొంతకాలం వదులుకోక తప్పదేమోనని ఆ డిసెంబరులో బహిరంగ సభలో అన్నాడు. అప్పుడు నొచ్చుకున్నవారు వేరు, అయిదేళ్ల తరువాత నొచ్చుకున్నవారు వేరు. యంగ్ మనిషి మాత్రం ఒక్కడే. ఏ పూట గుండెకు ఏది తగిలితే దాన్నే పాడతాడు. నిన్నటి మాటకు పొసగుతుందా అని వెనుదిరిగి చూడడు.

సంగీతం విషయంలోనూ ఇదే వరస. 1973లో, ఇద్దరు మిత్రులను మాదకద్రవ్యాలకు పోగొట్టుకున్న దుఃఖంలో, ఇంకా విడుదల కాని ‘టునైట్స్ ది నైట్’ పాటలనే ఇంగ్లండు శ్రోతలకు సభలు సభలుగా వినిపించాడు. శ్రోతలు ‘హార్వెస్ట్’ పాటల కోసం గోల చేశారు. ఆనాడు గోలకు కారణమైన ఆ ఆల్బమ్ 1975లో విడుదలై, నేడు అతడి ఉత్తమ కృతుల్లో ఒకటిగా లెక్కకు వస్తున్నది. 1983లో గెఫెన్ రికార్డుల సంస్థ, నీల్ యంగ్ పాటల్లాగా లేని పాటలిస్తున్నాడని నీల్ యంగ్ మీదనే 33 లక్షల డాలర్లకు దావా వేసింది. అభిమానులు మనస్సులో వేసుకునే దావానే ఆ సంస్థ కోర్టులో వేసింది, అంతే తేడా.

మరి ‘లివింగ్ విత్ వార్’ కూడా ‘టునైట్స్ ది నైట్’ వలె కాలక్రమాన ఉత్తమకృతి అనిపించుకున్నదా? లేదు. ఇక్కడ ఎటూ కాకుండా పోయిన ఆ మూడో వర్గం అభిమానుల పక్షాన నిలబడాలనిపిస్తున్నది నాకు. ‘ఒహాయో’లో ఉన్న మాటలు పిడికెడు, ఆరోపణకన్న శోకం ఎక్కువ. అభిశంసన పాటలో నేరాల జాబితా ఉన్నది గాని మనిషి లేడు. నూరుగొంతుల బృందం అంతటా ఒకే ఎత్తులో పాడుతూ యంగ్ గొంతులోని వణుకును కప్పివేస్తుంది. అతడి గొంతుకు విలువ తెచ్చినదే ఆ వణుకు. ఇంటికి తిరిగి రావాలని తహతహలాడే సైనికుడి గొంతుతో సాగే ‘ఫ్యామిలీస్’, వియత్నాముకు వెళ్లిన పాత మిత్రుణ్ణి తలచుకునే ‘రోజర్ అండ్ అవుట్’ మాత్రం వేరు. వీటిలో వాదన లేదు. యుద్ధాన్ని సమర్థించే సైనికుడి తల్లి కూడా వినగలిగిన పాటలివి. అయినా వీటిని గురించి ఎవరూ పోట్లాడుకోలేదు, ఎవరూ లేచిపోలేదు, పత్రికలు పట్టించుకోలేదు. పెద్ద కేక పక్కన పడిన చిన్న గొంతుల గతి అది.

యంగ్‌కు ఈ సంగతి కొంత స్ఫురించి ఉండాలి. అదే సంవత్సరం చివర బృందగానాన్ని తొలగించి, మొదట వాయించిన రూపంలోనే పాటలను మళ్లీ విడుదల చేశాడు. నూరు గొంతులూ లేచిపోయిన తరువాత ‘ఫ్యామిలీస్’ మరింత ఒంటరిగా, మరింత నిజంగా వినిపిస్తుంది. 2008 ఫిబ్రవరిలో బెర్లిన్ చలనచిత్రోత్సవానికి తన చిత్రంతో వెళ్లినప్పుడు, సంగీతం ప్రపంచాన్ని మార్చగలిగిన కాలం గడిచిపోయిందని విలేఖరులతో అన్నాడు. ఆ యాత్రను ఎరిగినవారికి ఆ మాట వింతగా తోచలేదు.

అన్నాడే గాని ఆగలేదు. నాయకుడి కోసం వెదుకుతున్నామనే ‘లుకింగ్ ఫర్ ఎ లీడర్’ పాటలో 2006లోనే బరాక్ ఒబామా పేరు ఉన్నది, అప్పటికి అతడు ఇల్లినాయ్ నుంచి వచ్చిన కొత్త సెనేటరు. అదే పాటను మాటలు మార్చి 2020లో మళ్లీ పాడాడు. ఆ సంవత్సరం జనవరిలోనే అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు కనుక కెనడావాడన్న ఆక్షేపణకు ఈసారి తావు లేకపోయింది. తిట్టదలచినవారికి వేరే మాటలు దొరికాయి. 2025 జూన్‌లో, డెబ్బైతొమ్మిదేళ్ల వయస్సులో, ‘టాకింగ్ టు ది ట్రీస్’ అన్న ఆల్బమ్ వెలువరించాడు. అందులో టెస్లా కార్లను ఎత్తిపొడిచే పాటకు ‘లెట్స్ రోల్ అగైన్’ అని పేరు పెట్టాడు. 2001లో విమాన ప్రయాణికుల కోసం వాడిన మాట అది. దానికి ‘మళ్లీ’ అన్న ఒక్క ముక్క తగిలించాడు.