తాతల నేతులు

"నాన్నది ఏ కాలేజీ?" అనడిగింది మా మేనకోడలు, కంప్యూటర్లోంచి తలెత్తకుండానే.

2022 చలికాలంలో న్యూజెర్సీలో మా తమ్ముడింట్లో ఉన్నాను. అక్కడే పుట్టి పెరిగిన ఆ పిల్ల కాలేజీ దరఖాస్తులు నింపుతోంది.

"చదవబోయేది నువ్వైతే మీ నాన్న కాలేజీతో వాళ్ళకేం పనే?" అన్నాను.

"పనుందత్తా. నాన్న అక్కడే చదివుంటే నాకు సీటు తేలిగ్గా వచ్చేది."

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని మనవాళ్ళు వేళాకోళానికి అంటారు. అమెరికాలో నిజంగానే మూతులు వాసన చూస్తారని నాకప్పుడే తెలిసింది. మా తమ్ముడు తాగిన నెయ్యి వరంగల్లు రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీది. ఆ వాసన అంతదూరం ఎక్కడొస్తుంది? తర్వాత అమెరికాలో ఎం.ఎస్. చేశాడనుకోండి, అదీ లాభం లేదు. హార్వర్డులో అయితే తల్లో తండ్రో మొదటి డిగ్రీ అక్కడే చదివుండాలట. పైచదువు లెక్కలోకి రాదు.

ఇదేదో రాజులనాటి ఆచారం కాబోలనుకున్నాను. తీరా చదివి చూస్తే దీని వయసు నూరేళ్ళే! మా అమ్మమ్మ ఉండివుంటే దీనికంటే పెద్దదయ్యేది.

అంతకుముందు పరీక్ష పెట్టేవారు, ప్యాసైనవాణ్ణి చేర్చుకునేవారు. పెద్ద పోటీ లేదు గనక పాత విద్యార్థుల కొడుకులకు బెంగా లేదు. (కొడుకులే సుమండీ! యేల్, ప్రిన్స్‌టన్‌లు ఆడపిల్లల్ని డిగ్రీలో చేర్చుకున్నది 1969లో.) ఇంతలో తూర్పు యూరపు నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షలన్నీ ప్యాసవడం మొదలెట్టారు. 1922 నాటికి హార్వర్డులో కొత్తగా చేరిన కుర్రాళ్ళలో నూటికి ఇరవైమందికి పైగా వాళ్ళే. అధ్యక్షుడు లోవెల్ గారికి కంగారు పుట్టింది. నూటికి పదిహేను మించకూడదన్నాడు. సంగతి బయటికి పొక్కి పెద్ద గొడవైంది. ఆచార్యులు 1923లో కాదు పొమ్మన్నారు.

వాకిలి మూస్తే దొడ్డిదారి లేకపోతుందా? 1922లోనే దరఖాస్తులో కొత్త ప్రశ్నలు వచ్చి కూర్చున్నాయి. మతమేమిటి, తండ్రి ఎక్కడ పుట్టాడు, తల్లి పుట్టింటి పేరేమిటి, ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా... పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఆరా తీయరు! ఆ తర్వాత మార్కులొక్కటే చాలవు, శీలం కూడా చూస్తామన్నారు. ఫోటో అంటించమన్నారు. ఆ 1922లోనే డార్ట్‌మత్ కాలేజీ, మా పాత విద్యార్థుల కొడుకులు అర్హులైతే చాలు, అందరినీ తీసుకుంటామంది. సీట్లకు పరిమితి పెట్టుకున్న యేల్ కూడా 1925లో, ఆ పరిమితి మా వాళ్ళ కొడుకులకు అడ్డు రాకూడదని తీర్మానించింది. కొత్తవాళ్ళ పిల్లల దగ్గర లేనిది, ఎంత చదివినా సంపాదించుకోలేనిది ఒక్కటే — అక్కడే చదివిన తండ్రి. దాన్ని పట్టుకున్నారన్నమాట.

1935లో జాన్ కెనడీ హార్వర్డుకు పంపిన దరఖాస్తు ఇప్పటికీ భద్రంగా ఉంది. ఎందుకు చేరాలనుకుంటున్నావంటే నాలుగైదు వాక్యాలు గిలికి, మా నాన్న చదివిన కాలేజీ అన్నాడు. మా మేనకోడలు అలాంటి ప్రశ్నకు ఆరుసార్లు తిరగరాసి, ఒకసారి ఏడ్చింది కూడాను.

ఆ లెక్కలు కాలేజీలు పైకి చెప్పవు. 2018లో హార్వర్డు మీద కేసు విచారణకొచ్చినప్పుడు బయటపడ్డాయి. పాత విద్యార్థుల పిల్లల్లో నూటికి సుమారు ముప్ఫై మూడుమందికి సీటొస్తే, తక్కినవాళ్ళలో ఆరుగురికి! ఆ పిల్లలకు మార్కులు రావని కాదు, వస్తాయి. కానీ తేడా అంతా మార్కులదేనంటే నేను నమ్మను. చందాల సంగతి చెప్పనక్కర్లేదు కదా. ఎం.ఐ.టి. మాత్రం ఈ వాసనలు చూడదు. జాన్స్ హాప్కిన్స్ 2014లో మానేసి, ఆ సంగతి 2020లో బయటపెట్టింది. 2023లో జాతిని చూసి సీట్లివ్వకూడదని సుప్రీంకోర్టు అన్నాక, మరి తండ్రిని చూసి ఇవ్వొచ్చా అని జనం నిలదీశారు. 2024లో వర్జీనియా, మేరీలాండ్, కాలిఫోర్నియా వగైరా రాష్ట్రాలు దీన్ని ఆపుతూ చట్టాలు చేశాయి.

మా పిల్లకు తన మార్కులతోనే మంచి చోట సీటొచ్చింది. కాలిఫోర్నియా కబురు విని మా తమ్ముడికి ఫోన్ చేశాను. దీన్ని అందరికంటే ఎక్కువ తిట్టినవాడు వాడే, సంతోషిస్తాడనుకున్నాను.

"ఇన్నాళ్ళు ఉంచినవాళ్ళు ఇంకో ముప్ఫై ఏళ్ళుంచితే ఏం పోయిందే అక్కా? దీని పిల్లలకు పనికొచ్చేది" అన్నాడు.

వేళాకోళమేమోనని ఫోన్లో వాడి మొహంకేసి చూశాను. కూతురి కాలేజీ పేరున్న స్వెట్టరు తొడుక్కున్నాడు. కింద 'డాడ్' అని రాసివుంది.