తీర్పరి కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

పోలీసువారిపై ఫిర్యాదు వస్తే విచారించవలసినది ఎవరు? ఈ ప్రశ్నతో పెన్షనర్లకేమి పని అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాడిని. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. రాష్ట్ర స్థాయిలోను, జిల్లా స్థాయిలోను పోలీసు ఫిర్యాదుల సంస్థలు ఏర్పరచాలని ఆదేశిస్తూ, సభ్యులుగా తీసుకోదగినవారిలో రిటైరైన ప్రభుత్వోద్యోగులను కూడా ఆ తీర్పు పేర్కొన్నది.

సభ్యత్వ నిబంధనలు పైకి చిన్న విషయంగా కనిపిస్తాయి. కాని ఇటువంటి సంస్థకు ప్రాణం అక్కడే ఉంటుంది. అమెరికాలోని న్యూయార్క్ నగరం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ 1953లో ఏర్పడిన ఫిర్యాదుల బోర్డులో సభ్యులందరూ పోలీసు శాఖ డిప్యూటీ కమిషనర్లే. 1966లో మేయర్ జాన్ లిండ్సే నలుగురు పౌరులను చేర్చి, శాఖవారిని ముగ్గురికి పరిమితం చేశారు. పోలీసు సంఘం తీవ్రంగా వ్యతిరేకించింది. వ్యవహారం ప్రజల ఓటుకు వెళ్ళి, ఆ నవంబరులోనే కొత్త ఏర్పాటు రద్దయింది. 1987లో పౌరులు సగం, శాఖవారు సగం అయ్యారు. 1993లో గాని బోర్డు పూర్తిగా పౌరుల చేతికి రాలేదు.

అప్పటి నిబంధన గమనించదగినది. 13 మంది సభ్యులలో ఐదుగురు నగర కౌన్సిల్ తరఫున, ఐదుగురు మేయర్ తరఫున, ముగ్గురు పోలీసు కమిషనర్ తరఫున వచ్చేవారు. ఆ ముగ్గురికి తప్ప మరెవరికీ పోలీసు ఉద్యోగానుభవం ఉండరాదు. వృత్తి మర్మం తెలిసినవారు కావాలి, కాని పైచేయి వారిది కారాదు అన్నమాట.

ఈ జాగ్రత్త ఎందుకో నాకు స్వానుభవమే. సర్వీసులో ఉండగా మా శాఖలోనే ఒక ఉద్యోగిపై విచారణాధికారిగా పనిచేశాను. తప్పు స్పష్టంగా కనిపించింది. అయినా రేపు అదే ఆఫీసులో ఎదురుబొదురుగా కూర్చోవాలి గదా అని నివేదికను మెత్తగా వ్రాశాను. ఫిర్యాదు చేసిన మనిషి ముఖం ఇప్పటికీ మరపు రాదు.

మన తీర్పు ఈ చిక్కును గుర్తించింది. జిల్లా సంస్థకు రిటైర్డు జిల్లా జడ్జి, రాష్ట్ర సంస్థకు హైకోర్టు లేదా సుప్రీంకోర్టు రిటైర్డు న్యాయమూర్తి అధ్యక్షులు. సభ్యులు ముగ్గురి నుంచి ఐదుగురు. మానవ హక్కుల కమిషన్, లోకాయుక్త, పబ్లిక్ సర్వీస్ కమిషన్ తయారుచేసిన జాబితా నుంచి ప్రభుత్వం వారిని ఎంచుకోవాలి. రిటైర్డు పోలీసు అధికారులకూ, పౌర సమాజానికీ అందులో చోటున్నది. డి.ఎస్.పి. వరకు వచ్చే ఫిర్యాదులు జిల్లా సంస్థకు, ఎస్.పి., ఆపై అధికారులవి రాష్ట్ర సంస్థకు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో జరిగిన అధ్యక్ష నియామకం వయోపరిమితి ప్రశ్నపై హైకోర్టుకెక్కింది. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు, దానిని అడిగేవారుండాలి.

మనలో ఎవరికైనా ఆ కుర్చీ దక్కవచ్చు. దక్కిననాడు పాత శాఖాభిమానం, పాత స్నేహాలు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్ళాలి. నేను ఆనాడు చేయలేని పని అది. సోదర పెన్షనర్లు చేయగలరని నా నమ్మకం.